అంతు లేని అంచు

ఒక చిన్న సమీకరణం, దాన్ని పదే పదే చేసే కంప్యూటర్, ఎంత దగ్గరికి వెళ్లినా తరగని చిత్రం. ఫ్రాక్టల్ కళలో అందం ఎవరిది: రంగులదా, యంత్రానిదా, గణితానిదా?

ఆంధ్రప్రదేశ్ తీరరేఖ పొడవు ఎంత? బడి పుస్తకాల్లో, పోటీ పరీక్షల గైడ్లలో దశాబ్దాలుగా ఉన్న జవాబు 974 కిలోమీటర్లు. కేంద్ర హోంశాఖ ఇటీవల ఇచ్చిన సవరించిన లెక్కల్లో అది 1,053 కిలోమీటర్లు. దేశం మొత్తం మీద మార్పు ఇంకా పెద్దది. 7,516 కిలోమీటర్ల భారత తీరం ఇప్పుడు 11,098 కిలోమీటర్లయింది. ఈలోగా సముద్రం నుంచి అంత కొత్త నేలేమీ పుట్టుకురాలేదు. మారింది కొలిచిన పటం. పాత లెక్క 1:45,00,000 స్కేలు మీద వేసింది, కొత్తది 1:2,50,000 స్కేలు మీద వేసింది. మునుపు ఒకే గీతలో కలిసిపోయిన చిన్న చిన్న మలుపులు, నదీముఖాలు, ఉప్పుటేరులు ఇప్పుడు విడివిడిగా కనిపించాయి. కనిపించిన ప్రతి మలుపూ పొడవును పెంచింది. ఆ పెరుగుదల అన్ని రాష్ట్రాల్లో ఒకేలా లేదు. ఆంధ్ర తీరం పెరిగింది ఎనిమిది శాతమే. గుజరాత్ తీరం 1,214 నుంచి 2,340 కిలోమీటర్లకు, అంటే దాదాపు రెట్టింపు పెరిగింది. పశ్చిమ బెంగాల్ తీరమైతే 157 నుంచి 721కి, నాలుగు రెట్లు దాటింది. సుందరవనాల్లో పాయలు చీలి, ఆ చీలికలు మళ్లీ చీలిన చోట, ఎంత దగ్గరగా చూస్తే అంత కొత్త అంచు బయటపడింది.

ఈ చిక్కును మొదట పట్టుకున్నవాడు బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. ఉమ్మడి సరిహద్దుల పొడవుకూ యుద్ధాలకూ సంబంధం ఉందేమోనని ఆయన లెక్కలు సేకరిస్తుంటే, స్పెయిన్, పోర్చుగల్ మధ్య సరిహద్దుకు ఒకచోట 987 కిలోమీటర్లు, మరోచోట 1,214 కిలోమీటర్లు అని కనిపించింది. ఆయన మరణానంతరం 1961లో అచ్చయిన ఆ పరిశీలనను బెన్వా మాండెల్‌బ్రాట్ అందుకున్నాడు. వార్సాలో పుట్టి, ఫ్రాన్స్‌లో చదివి, అమెరికాలో ఐబీఎం పరిశోధనశాలలో పనిచేసిన గణితజ్ఞుడు ఆయన. బ్రిటన్ తీరం పొడవెంత అన్న ప్రశ్నతో 1967లో ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసంలో ఆయన ప్రశ్ననే మార్చేశాడు. పొడవు ఎంత అని అడగడంలో అర్థం లేదు, కొలబద్ద చిన్నదవుతుంటే పొడవు ఎంత వేగంగా పెరుగుతుందో అడగాలి అన్నాడు. ఆ వేగానికి ఒక సంఖ్య ఉంటుంది. దాదాపు నున్నగా ఉండే దక్షిణాఫ్రికా తీరానికి అది 1.02, చీలికలు పేలికలైన బ్రిటన్ పశ్చిమ తీరానికి 1.25. ఇలాంటి గరుకైన ఆకారాలన్నిటికీ 1975లో ఆయన పెట్టిన పేరే ఫ్రాక్టల్.

ఈ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేవి మెరిసే రంగుల సుడులున్న పోస్టర్లు, స్క్రీన్‌సేవర్లు. గణితం అనే పొడి విషయానికి ఎవరో అందంగా రంగులద్దారన్న అభిప్రాయం వాటి చుట్టూ స్థిరపడిపోయింది. ఆ అభిప్రాయం సరైంది కాదు. ఫ్రాక్టల్ చిత్రంలో మన కంటిని పట్టి నిలిపేదీ, గణితజ్ఞులను వందేళ్లుగా నిద్రపోనివ్వనిదీ ఒకటే: నియమం అరచేతిలో ఇమిడేంత చిన్నది, దాని ఫలితం ఎంత చూసినా తరగనిది. చిత్రం అందంగా ఉందని అనిపించే క్షణంలో చూసేవారు ఒక గణిత సత్యాన్నే గుర్తిస్తున్నారు, దానికి ఇంకా పేరు పెట్టలేదంతే. ఈ మాటకు బలమైన సాక్ష్యం ఫ్రాక్టళ్ల చరిత్రలోనే ఉంది.

గణితజ్ఞులు ముఖం తిప్పుకున్న ఆకారాలు

1872లో కార్ల్ వైర్‌స్ట్రాస్ బెర్లిన్‌లో ఒక వింత వక్రాన్ని ప్రకటించాడు. అది ఎక్కడా తెగదు, కానీ దాని మీద ఏ బిందువు దగ్గరా స్పర్శరేఖ గీయలేం. అడుగడుగునా మలుపే. నున్నని వక్రాల మీద కట్టిన కలనగణితానికి ఇది మింగుడుపడలేదు. ఫ్రాన్స్‌లో పేరుమోసిన చార్లెస్ హెర్మీట్ 1893లో మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఇలాంటి ప్రమేయాలంటే తనకు భయమూ అసహ్యమూ అని చెప్పుకున్నాడు. వీటికి ‘రాక్షసులు’ అన్న పేరు కూడా పడింది. గమనించాల్సింది ఏమిటంటే, అప్పటికి ఎవరూ వీటిని కళ్లారా చూడలేదు. అనంతమైన కూడికగా కాగితం మీదున్న సూత్రాన్ని చూసే వారు అసహ్యించుకున్నారు.

స్వీడన్ గణితజ్ఞుడు హెల్గె ఫాన్ కాక్‌కు నచ్చనిది సరిగ్గా ఇదే. వైర్‌స్ట్రాస్ ఉదాహరణ సూత్రం వెనక దాక్కుంటోంది, కంటికి ఆనే ఉదాహరణ కావాలి అనుకున్నాడు. 1904లో ఆయన ఇచ్చిన నిర్మాణాన్ని ఆరో తరగతి పిల్లలు కూడా గీయగలరు. ఒక గీతను మూడు సమాన భాగాలు చేయాలి. మధ్య భాగాన్ని తీసేసి, దాని స్థానంలో అంతే పొడవున్న రెండు గీతలను గుడిసె కప్పులా నిలబెట్టాలి. ఇప్పుడున్న నాలుగు గీతల మీదా మళ్లీ ఇదే పని చేయాలి, తర్వాత పదహారింటి మీద. ఒక్కో దశలో పొడవు మూడింట నాలుగు రెట్లవుతుంది. పది దశలు దాటేసరికి ఒక మీటరు గీత దాదాపు 17.8 మీటర్లవుతుంది, ఆపకుండా వెళితే దానికి హద్దే లేదు. సమబాహు త్రిభుజం మూడు భుజాల మీదా ఇలా గీస్తే మంచు రేకులాంటి ఆకారం వస్తుంది. దాని చుట్టుకొలత అనంతం, లోపలి వైశాల్యం మాత్రం మొదటి త్రిభుజానికి సరిగ్గా 8/5 రెట్లే.

ఇలాంటి గీతను ఏ కోవలో పెట్టాలి? మామూలు గీతను మూడో వంతు సైజు ముక్కలుగా కొలిస్తే 3 ముక్కలు వస్తాయి, చతురస్రమైతే 9 వస్తాయి. 3 అంటే మూడుకు ఒకటో ఘాతం, 9 అంటే రెండో ఘాతం. అందుకే గీత ఏకమితీయం, చతురస్రం ద్విమితీయం అంటాం. కాక్ వక్రంలో వచ్చేవి 4 ముక్కలు. మూడుకు ఎన్నో ఘాతం నాలుగవుతుంది? జవాబు సుమారు 1.26. ఇది గీత కంటే ఎక్కువ, తలం కంటే తక్కువ. మితికి భిన్న సంఖ్య ఉండొచ్చన్న ఈ ఆలోచనకు 1918లో ఫెలిక్స్ హౌస్‌డార్ఫ్ గట్టి పునాది వేశాడు. త్రిభుజం మధ్యలోంచి త్రిభుజాన్ని తీసేస్తూ పోలెండ్ గణితజ్ఞుడు సియర్‌పిన్‌స్కీ 1915లో చేసిన జల్లెడకు ఆ సంఖ్య 1.585. అంటే ‘గరుకుదనం’ అని కంటికి తోచేది ఊరికే తోచింది కాదు, అది కొలవగలిగే గుణం. సుందరవనాల తీరం చిక్కనిదనీ, కోస్తా తీరం చాలావరకు నునుపనీ పటం చూసి అనుకున్నప్పుడు మన కన్ను చేస్తున్నది ఉజ్జాయింపుగా ఇదే కొలత.

వర్గం చెయ్యి, కలుపు, మళ్లీ చెయ్యి

ఫ్రాక్టల్ కళకు ముఖచిత్రంగా నిలిచిన మాండెల్‌బ్రాట్ సెట్ వెనక ఉన్న నియమం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. కాగితం మీద ప్రతి బిందువునూ ఒక సంకీర్ణ సంఖ్య అనుకుందాం, దాన్ని c అందాం. సున్నాతో మొదలుపెట్టి, వర్గం చేసి c కలపాలి. వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేసి మళ్లీ c కలపాలి. చక్రవడ్డీలో ఈ ఏటి వడ్డీ వచ్చే ఏడు అసలులో కలిసినట్టు, ప్రతి ఫలితమూ తర్వాతి లెక్కకు మూలధనమవుతుంది. c విలువ 1 అయితే వరస 0, 1, 2, 5, 26, 677 అంటూ పరుగెత్తి చేయి దాటిపోతుంది. c విలువ -1 అయితే 0, -1, 0, -1 అంటూ అక్కడక్కడే తిరుగుతుంది. ఎన్నటికీ పారిపోని బిందువులకు నలుపు వేస్తే వచ్చే ఆకారమే ఆ సెట్. లెక్కలో ఎక్కడా అదృష్టం లేదు, యాదృచ్ఛికం లేదు.

ఇలాంటి పునరావృత్తుల మీద ఫ్రాన్స్‌లో గాస్టన్ జూలియా, పియెర్ ఫాటూ 1918 నాటికే లోతైన సిద్ధాంతాలు నిరూపించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి ముక్కు పోగొట్టుకున్న జూలియా తన ప్రసిద్ధ వ్యాసాన్ని పాతికేళ్ల వయసులో రాశాడు. అయితే చేత్తో లక్షల గుణకారాలు చేయడం ఎవరి తరమూ కాదు కాబట్టి ఆ ఆకారాల అసలు సంపద వారికి కనిపించలేదు. ఆ సిద్ధాంతం అరవై ఏళ్లపాటు దాదాపు నిద్రపోయింది. 1978లో రాబర్ట్ బ్రూక్స్, పీటర్ మటెల్‌స్కీ చుక్కలతో ఈ సెట్‌కు ఒక ముతక బొమ్మ వేశారు. 1980లో ఐబీఎం కంప్యూటర్లతో మాండెల్‌బ్రాట్ దాన్ని దగ్గరగా చూడడం మొదలుపెట్టాడు. హృదయాకారం, దానికి తగిలించినట్టున్న వృత్తం, వాటి చుట్టూ మొగ్గలు, మొగ్గల నుంచి మెరుపు తీగలు కనిపించాయి. అంచు దగ్గర పెద్దది చేస్తే సముద్రపు గుర్రాల తోకల్లాంటి సుడులు, ఇంకా లోపలికి వెళితే మొత్తం సెట్‌కు బుల్లి ప్రతులు. ఏ రెండు ప్రతుల చుట్టూ ఉన్న అల్లికా ఒకేలా ఉండదు. తెలిసిన రూపం తిరిగి వస్తుంది, తెలియని పరిసరాల్లో వస్తుంది. ఈ చిత్రాల ఆకర్షణ అంతా ఈ కలయికలోనే ఉంది, ఆ కలయికను శాసించేది పైన చెప్పిన ఒక్క వాక్యం. ఒకప్పుడు భయపెట్టిన ‘రాక్షసులు’ కనబడడం మొదలవగానే సౌందర్యానికి మారుపేరయ్యారు. వాటి గణితంలో ఒక్క అక్షరం మారలేదు. మారింది చూడగలగడం మాత్రమే.

కన్ను అడిగింది, నిరూపణ బదులిచ్చింది

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. గణితానికి సాక్ష్యం నిరూపణే గానీ చూపు కాదు, కన్ను మోసపోతుంది. నిజమే, మాండెల్‌బ్రాట్ కన్నూ మోసపోయింది. తొలి ముతక అచ్చుల్లో ప్రధాన ఆకారానికి దూరంగా చిన్న చిన్న మచ్చలు కనిపించాయి. సెట్ అనేక ముక్కలుగా ఉందని ఆయన మొదట అనుకున్నాడు. 1982లో అద్రియెన్ డువాడీ, జాన్ హబ్బర్డ్ అది మొత్తం ఒకే ముక్క అని నిరూపించారు. ఆ మచ్చలను కలిపే తీగలు ఆనాటి అచ్చుకు అందనంత సన్ననివి. ఆ సెట్‌కు మాండెల్‌బ్రాట్ పేరు స్థిరపరచిందీ వారే. కానీ ఈ ఉదంతాన్ని పూర్తిగా చదివితే అభ్యంతరం బలహీనపడుతుంది. మచ్చలు కనిపించకపోతే అవి విడివిడిగా ఉన్నాయా కలిసి ఉన్నాయా అన్న ప్రశ్నే పుట్టేది కాదు. చిత్రం తప్పు జవాబు సూచించింది గానీ సరైన ప్రశ్న అడిగింది.

అలాంటి ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. 1991లో డేవిడ్ బోల్ అనే అమెరికా విద్యార్థి, హృదయాకారమూ వృత్తమూ కలిసే మెడ నిజంగా ఒక బిందువంత సన్నబడుతుందా అని పరీక్షించాడు. మెడకు 0.1 దూరంలోని బిందువు పారిపోవడానికి 33 అడుగులు పట్టాయి, అంటే వర్గం చేసి కలపడం 33 సార్లు జరిగింది. 0.01 దూరంలో 315, 0.001 దూరంలో 3,143, 0.0001 దూరంలో 31,417. అడుగులను దూరంతో గుణిస్తే 3.3, 3.15, 3.143, 3.1417. వృత్తం లెక్కల్లో ఉండాల్సిన పై (π) విలువ, వర్గం చేసి కలిపే లెక్కలో ప్రత్యక్షమైంది. అది అక్కడికి ఎలా వచ్చిందో 2001లో ఆరన్ క్లెబనోఫ్ గణితపరంగా వివరించాడు. అలాగే నీటిలో పుప్పొడి రేణువులా గజిబిజిగా తిరిగే బ్రౌనియన్ చలనపు బయటి అంచును బొమ్మగా చూసి, దాని మితి 4/3 అయి ఉంటుందని మాండెల్‌బ్రాట్ 1982లో ఊహించాడు. దాదాపు రెండు దశాబ్దాల తర్వాత గ్రెగరీ లాలర్, ఓడెడ్ ష్రామ్, వెండెలిన్ వెర్నర్ దాన్ని నిరూపించారు. వెర్నర్‌కు 2006లో ఫీల్డ్స్ పతకం వచ్చింది. అదే కుటుంబానికి చెందిన పనికి స్టానిస్లావ్ స్మిర్నోవ్ అదే పతకాన్ని 2010 ఆగస్టులో హైదరాబాద్‌లో జరిగిన అంతర్జాతీయ గణితజ్ఞుల మహాసభలో అందుకున్నాడు. ఆ పని కేంద్రంలో ఉన్నవి కూడా ఫ్రాక్టల్ అంచులే.

మాండెల్‌బ్రాట్ సెట్ అంచు గురించి 1991లో జపాన్ గణితజ్ఞుడు మిత్సుహిరో షిషికురా నిరూపించినది వింటే ఆ చిత్రాన్ని మళ్లీ చూడాలనిపిస్తుంది. ఆ అంచు మితి సరిగ్గా 2. అంటే గీతగా పుట్టి, తలమంత చిక్కగా ముడుచుకున్న అంచు అది. పెద్దది చేసిన ప్రతిచోటా ఖాళీ లేకుండా అల్లిక ఎందుకు కనిపిస్తుందో ఈ సిద్ధాంతం చెబుతుంది. కంటికి నిండుగా కనిపించినదీ, నిరూపణలో తేలినదీ ఒకటే.

యంత్రం గీస్తే కళాకారుడెక్కడ?

రెండో అభ్యంతరం కళ వైపు నుంచి వస్తుంది. గీసేది కంప్యూటర్, సూత్రం గణితానిది, మరి మనిషి చేసిందేమిటి? ఫొటోగ్రఫీ పుట్టినప్పుడూ ఇదే ప్రశ్న వేశారు. హిమాలయాన్ని ఫొటోగ్రాఫర్ తయారుచేయలేదు, కానీ ఎక్కడ నిలబడాలో, ఏ వెలుగులో తీయాలో, ఏది చట్రంలో ఉంచి ఏది వదలాలో నిర్ణయించింది అతనే. మాండెల్‌బ్రాట్ తలంలో చాలా భాగం బోసిగా ఉంటుంది, లోపలంతా నలుపు, దూరంగా అంతా ఒకే రంగు. సమతూకం ఉన్న చోటును అంచు వెంట కోట్ల రెట్లు పెద్దది చేస్తూ వెతికి పట్టుకోవడం ఓపికా అభిరుచీ అడిగే పని. రంగుల సంగతీ అంతే. నల్లని సెట్ బయట కనిపించే రంగు పట్టీలు ఇష్టం వచ్చినట్టు పూసినవి కావు. ఆ బిందువు ఎన్ని అడుగుల్లో పారిపోయిందో చెప్పే గుర్తులు అవి, పటంలో ఎత్తులు చూపే వలయాల్లాంటివి. ఏ అడుగుకు ఏ రంగు అన్నది మాత్రం కళాకారుడి నిర్ణయం. ఒకే గణితం ఒకరి చేతిలో గోల చేస్తుంది, మరొకరి చేతిలో శ్రుతి కలుస్తుంది.

జర్మనీలో బ్రెమెన్ విశ్వవిద్యాలయానికి చెందిన హైన్జ్-ఓటో పైట్‌గెన్, పీటర్ రిక్టర్ 1986లో తెచ్చిన ‘ది బ్యూటీ ఆఫ్ ఫ్రాక్టల్స్’ పుస్తకం ఈ ఎంపికల బాధ్యతను గుర్తించి చేసిన పని. బొమ్మలూ సిద్ధాంతాలూ అందులో పక్కపక్కనే ఉంటాయి. 1992లో స్కాట్ డ్రేవ్స్ రూపొందించిన ఫ్లేమ్ పద్ధతిలో కళాకారుడు సూత్రాన్నే మలుస్తాడు, వెలుగు ఎక్కడ ఎంత చిక్కగా పేరుకోవాలో కూడా అతనే తేలుస్తాడు. 1999లో కెర్రీ మిచెల్ ప్రకటించిన ఫ్రాక్టల్ కళా ప్రణాళిక సారాంశం కూడా ఇదే: బటన్ నొక్కితే వచ్చేది కళ కాదు, ఎంపికలూ శ్రమా తెలివీ కలిస్తేనే వస్తుంది. అయితే ఒక విమర్శను ఒప్పుకోవాలి. ఈ కళ పేరిట వచ్చే చిత్రాల్లో చాలావరకు ఒకేలా ఉంటాయి. అనంతమైన వివరం ఉన్నంత మాత్రాన అనంతమైన ఆసక్తి ఉండదు. వివరం ఉచితంగా దొరికే చోట సంయమనమే అరుదైన గుణం. మనిషి దుఃఖాన్నో ఊరి కథనో చెప్పగల శక్తి కూడా ఈ చిత్రాలకు లేదు. వాటి పరిధి ఇరుకైనది. కానీ ఆ పరిధిలో, నియమానికీ వైవిధ్యానికీ ఉన్న బంధాన్ని ఇంత సూటిగా చూపే కళ మరొకటి లేదు.

ప్రకృతిలో ఎంత, మన ఊహలో ఎంత?

మూడో అభ్యంతరం అతిశయం గురించి. చెట్టు ఫ్రాక్టల్, మేఘం ఫ్రాక్టల్, గుడి గోపురం ఫ్రాక్టల్ అంటూ పోతే ఆ మాటకు విలువేముంటుంది? ఈ హెచ్చరిక అవసరమే. 1999లో రిచర్డ్ టేలర్ బృందం, అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొలాక్ చిలకరించిన రంగుల చిత్రాల్లో ఫ్రాక్టల్ లక్షణాలున్నాయని ‘నేచర్’లో ప్రకటించింది. 2006లో కేథరిన్ జోన్స్-స్మిత్, హర్ష్ మాథుర్ అదే పత్రికలో దాన్ని సవాలు చేశారు. పిల్లలు గీసే నక్షత్రాల పిచ్చిగీతలు కూడా ఆ పరీక్షలో నెగ్గుతాయని చూపించారు. నిజ ప్రపంచంలో ఏ తీరమూ అనంతం దాకా ముడుచుకోదు, ఇసుక రేణువు దగ్గర ఆగిపోతుంది. మన ఊపిరితిత్తుల గాలిగొట్టాలు సుమారు 23 తరాలు చీలి ఆగుతాయి. అలాగని ఆలోచనే తప్పు అనలేం. ప్రకృతిలో పరిపూర్ణమైన వృత్తమూ లేదు, అయినా చక్రం గురించి ఆలోచించడానికి వృత్తం కావాలి. ఛాతీలో ఇమిడే చోట అంత విశాలమైన ఉపరితలం ఎలా పట్టిందో అర్థం కావాలంటే చీలిక మీద చీలిక అన్న నియమం కావాలి.

మైకేల్ బార్న్స్‌లీ 1988లో పుస్తకరూపంలో ఇచ్చిన ఫెర్న్ ఆకు ఇందుకు మంచి ఉదాహరణ. నాలుగు నియమాలు, ఒక్కోదానికి ఆరు సంఖ్యలు, ఏది ఎన్నిసార్లు వాడాలో చెప్పే పాళ్లు, మొత్తం 28 సంఖ్యలు చాలు. బిందువులు పడుతూ పడుతూ ఈనెలతో సహా ఆకు తయారవుతుంది. నిజమైన ఫెర్న్ ఇలా పాచికలు వేసి పెరగదు. కానీ అంత సంక్లిష్టమైన రూపానికి అంత తక్కువ సమాచారం సరిపోతుందన్న సంగతి మాత్రం నిజం. సినిమా ఈ సత్యాన్ని త్వరగా అందిపుచ్చుకుంది. బోయింగ్‌లో పనిచేస్తున్న లోరెన్ కార్పెంటర్ 1980లో త్రిభుజాలను చీలుస్తూ పర్వతాలు సృష్టించి రెండు నిమిషాల చిత్రం తీశాడు. 1982లో వచ్చిన ‘స్టార్ ట్రెక్’ రెండో చిత్రంలో ఒక గ్రహాన్నే అలా పుట్టించారు.

మన వాకిళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించాలి. చుక్కల ముగ్గు గానీ మెలికల ముగ్గు గానీ గణితం చెప్పే అర్థంలో చాలావరకు ఫ్రాక్టల్ కాదు. కానీ చిన్న నియమం నుంచి పెద్ద అల్లిక పుట్టే తీరు ముగ్గుకూ ఫ్రాక్టల్‌కూ ఒకటే. మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వారితో కమలా కృతివాసన్ 1974లో తమిళ ముగ్గులైన కోలాలకు వ్యాకరణం కట్టి, అవి కంప్యూటర్ శాస్త్రంలో ఎలా ఇముడుతాయో చూపారు. మొక్కల ఎదుగుదలను వర్ణించడానికి అరిస్టిడ్ లిండెన్‌మేయర్ 1968లో చేసిన వ్యాకరణంతోనూ తర్వాత కోలాలు గీశారు. మొక్కకూ ముగ్గుకూ ఒకే భాష సరిపోవడం, వాకిట్లో చుక్కలు పెట్టిన స్త్రీల చేతుల్లో ఎంత క్రమబద్ధమైన ఆలోచన ఉందో చెబుతుంది.

ఈ వాదన పుస్తకాలకే పరిమితం కావాల్సిన పని లేదు. మన ఇంటర్మీడియట్ విద్యార్థులు సంకీర్ణ సంఖ్యలు చదువుతారు, డిమూవర్ సిద్ధాంతం బట్టీ పడతారు. ఆ సంఖ్యలతో ఏం చూడొచ్చో మాత్రం చాలామందికి ఎవరూ చూపించరు. వర్గం చేసి కలిపే లెక్కను రాయడానికి పదీ పదిహేను వరసల ప్రోగ్రామ్ సరిపోతుంది, మామూలు ఫోను కూడా దాన్ని గీసిపెడుతుంది. కాక్ వక్రానికి భిన్నాలు చాలు, దాని మితికి సంవర్గమానాలు చాలు. బొమ్మను పాఠం చివర కాలక్షేపంగా చూపడం కాదు, పాఠాన్ని బొమ్మతోనే మొదలుపెట్టాలి. ఎందుకంటే అందంగా ఉన్నదాన్ని చూసిన పిల్లలు ‘ఎందుకిలా?’ అని అడుగుతారు, గణితం మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే. పైగా ఈ బొమ్మలో పెద్దలకూ తెలియనివి ఉన్నాయి. మాండెల్‌బ్రాట్ సెట్ ప్రతి బిందువు చుట్టూ ఎంత దగ్గరగా చూసినా చెదరకుండా ఒకటిగా అతుక్కునే ఉంటుందా అన్న ప్రశ్న డువాడీ, హబ్బర్డ్‌ల కాలం నుంచి నేటికీ పూర్తిగా తేలలేదు. ఫీల్డ్స్ పతక గ్రహీతలు కొంత దూరం వెళ్లి ఆగిన దారి అది. ప్రపంచంలోని గొప్ప గణితజ్ఞులు పోరాడుతున్న సమస్య కళ్లముందే రంగుల్లో కనిపించే అవకాశం ఇంకే శాఖలోనూ ఇంత తేలిగ్గా దొరకదు. గణితమంటే ముగిసిపోయిన జవాబుల మూట అని నమ్ముతూ పెరిగే మన పిల్లలకు, అది ఇంకా తెరిచి ఉన్న శాస్త్రమనీ అందులో తమకూ చోటుందనీ చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు. ఫ్రాక్టల్ కళ మనకిచ్చిన అతి పెద్ద కానుక ఆ చోటే.